పనివాడు ఎందుకు నిలవడం లేదు?

మనల్ని పుట్టించి, మన ఉపాధికి దారులు తెరిచిన అల్లాహ్‌కే సకల స్తుతులు. ఆయన అంతిమ ప్రవక్త హజ్రత్ ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లం) పైనా, ఆయన కుటుంబీకులపైనా, సహచరులపైనా అల్లాహ్ కారుణ్యం, శాంతి వర్షించుగాక!

ధార్మిక సోదరులారా!

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పట్టణాల్లో నలుగురు యజమానులు కలిసి కూర్చుంటే చాలు, ఒక మాట తప్పక వినిపిస్తుంది. "పనివాడు నిలవడం లేదు, భాయ్." జాతీయ రహదారి పక్కన లారీల షెడ్డు నడిపే ఉస్తాద్ ఆ మాటే అంటాడు. బేకరీ యజమాని అంటాడు, బట్టల దుకాణం సేటు అంటాడు, బియ్యం మిల్లు షావుకారు అంటాడు. "పండగకు ఇంటికి వెళ్ళినవాడు తిరిగి రాలేదు. పని నేర్పిందాకా ఉన్నాడు, చేయి తిరగగానే పక్క షెడ్డుకు పోయాడు. నా ఉప్పు తిన్నాడు, చెప్పకుండా వెళ్ళాడు." ఇవే వారి ఫిర్యాదులు.

పనివారు కలిసి కూర్చున్నప్పుడు వినిపించే మాట వేరు. "పదో తారీఖు దాటినా జీతం లేదు. ఎంత ఇస్తాడో చేతిలో పడేదాకా తెలియదు. మూడేళ్ళుగా అదే జీతం. తిట్టని రోజు లేదు." ఇవి వీరి ఫిర్యాదులు.

ఈ ఇద్దరూ జుమా నాడు ఒకే వరుసలో భుజం భుజం కలిపి నిలుస్తారు. సలాం చెప్పుకుని బయటికి వెళ్ళాక ఒకరిపై ఒకరికి నమ్మకం ఉండదు. పనివారు తరచుగా యజమానులను ఎందుకు మారుస్తున్నారు, ఇందులో ఎవరి బాధ్యత ఎంత అనే విషయాన్ని ఈ రోజు మనం నిదానంగా ఆలోచించుకుందాం. ఇది దుకాణాల సంగతి, మసీదుతో దీనికేమి పని అని ఎవరూ అనుకోరాదు. నమాజును ఆదేశించిన ప్రభువే చేసుకున్న ఒప్పందాలను నెరవేర్చమనీ ఆదేశించాడు.

పని మారడం తప్పా?

ముందుగా ఒక అపోహను తొలగించుకోవాలి. పని మారడం దానంతట అది ద్రోహం కాదు, నిలకడలేనితనమూ కాదు. అది మనిషికి ఉన్న హక్కు. ఆ హక్కు విలువ మన ప్రాంతానికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు.

ఉమ్మడి నల్గొండ జిల్లా పల్లెల్లో వెట్టిచాకిరీ చేసినవారికి యజమానిని మార్చే దారి ఉండేది కాదు. నిజాం రాజ్యంలో భగేలా అనే పద్ధతి ఉండేది. అప్పు తీసుకున్న పేదవాడు ఆ అప్పు కింద దొర ఇంట జీతానికి కుదిరేవాడు. వడ్డీ తరగదు, మనిషి కదలడు. తండ్రి తరువాత కొడుకు ఆ కాడికే మెడ వంచేవాడు. 1946 నుండి 1951 వరకు ఈ నేలపై సాగిన రైతాంగ పోరాటానికి ఉన్న ముఖ్య కారణాలలో వెట్టి ఒకటి. స్వాతంత్ర్యం తరువాత కూడా దేశంలో ఆ చెర పూర్తిగా పోలేదు కనుకనే 1976లో వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం చేయవలసి వచ్చింది. అప్పు చూపి మనిషిని పనికి కట్టివేయడం ఆ చట్టం ప్రకారం నేరం.

నేడు మన అన్నదమ్ములు పనిచేస్తున్న గల్ఫ్ దేశాల సంగతీ చూడండి. అక్కడ కఫీల్ అనుమతి లేకుండా పని మారడం ఎంత కష్టమో ఆ ఇళ్ళలోని తల్లులకు, భార్యలకు తెలుసు. ఖతర్ 2020లో ఆ అనుమతి అవసరాన్ని తొలగించింది. సౌదీ అరేబియా 2021 మార్చి 14 నుండి షరతులతో మార్పునకు అవకాశం ఇచ్చింది. అయితే ఇళ్ళలో పనిచేసే డ్రైవర్లకు, ఇంటి పనివారికి అది వర్తించలేదు. పని వదిలే స్వేచ్ఛ లేనివాడు అక్కడే ఉన్నాడంటే దానికి విధేయత అని పేరు పెట్టలేము.

హజ్రత్ మూసా (అలైహిస్సలాం) జీవితంలో దీనికి స్పష్టమైన మార్గదర్శనం ఉంది. ఆయన ఈజిప్టు విడిచి, ఆశ్రయం లేని పరదేశిగా మద్‌యన్ చేరుకున్నారు. అక్కడి పెద్దమనిషి ఆయనను పనికి కుదుర్చుకున్న తీరును దివ్య ఖుర్ఆన్ ఖసస్ సూరాలో వివరించింది. గడువు ముందే తేల్చారు. ఎనిమిది సంవత్సరాలు తప్పనిసరి, పది పూర్తిచేస్తే అది మూసా ఇష్టం. ప్రతిఫలం ముందే తేల్చారు. తాను కష్టపెట్టదలచుకోలేదని యజమాని తానే మాట ఇచ్చాడు. ఇద్దరూ కలిసి అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. మూసా గడువు పూర్తిచేశారు. ఎక్కువ గడువునే పూర్తిచేశారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజియల్లాహు అన్హు) వివరించారు. ఆ తరువాత తన కుటుంబంతో అక్కడి నుండి బయలుదేరారు. గడువు ముగిశాక వెళ్ళిన మూసాను ఎవరూ ద్రోహి అనలేదు.

పరదేశి అవసరాన్ని ఆ పెద్దమనిషి అవకాశంగా వాడుకోలేదన్నది ఇక్కడ గమనించాలి. తినడానికి లేనివాడు, తలదాచుకోవడానికి చోటు లేనివాడు ఏ షరతుకైనా ఒప్పుకుంటాడు. అయినా షరతులన్నీ ముందే చెప్పాడు, భారాన్ని తగ్గించి చెప్పాడు. అందుకే మూసా ఏళ్ళ తరబడి నిలిచారు.

ఎందుకు వెళుతున్నారు?

సోదరులారా! ఇక మన పట్టణాలకు వద్దాం. పనివాడు వెళ్ళిపోవడానికి కారణాలు ఒకటి రెండు కావు. వాటిలో కొన్ని ఎవరి చేతిలోనూ లేనివి. ముందు వాటిని చెప్పుకోవడం న్యాయం.

మిర్యాలగూడ మిల్లులన్నీ ధాన్యం మీద నడుస్తాయి. ధాన్యం సాగర్ ఎడమ కాలువ నీటి మీద ఆధారపడుతుంది. కాలువ పారిన ఏడు వానాకాలం పంట, యాసంగి పంట రెండూ వస్తాయి, మిల్లులకు చేతినిండా పని ఉంటుంది. జలాశయం నిండని ఏడు పని సగానికి సగం పడిపోతుంది. బస్తాకు ఇంత అని కూలి తీసుకునే హమాలీకి బస్తా లేని నాడు పస్తే. అతడు ఇల్లు కట్టే పనికో, ఆటో నడపడానికో వెళితే అది చపలత్వం కాదు, పిల్లల ఆకలి. కోదాడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల సిమెంటు ఫ్యాక్టరీలలో మరో సంగతి ఉంది. గేటు అదే, యంత్రం అదే, మనిషీ అతడే. గుత్తేదారు మారితే ఆ కార్మికుని యజమాని పేరు మారిపోతుంది. అతడు ఎక్కడికీ కదలకుండానే ఉద్యోగం మారినవాడవుతాడు. సర్వీసు మళ్ళీ మొదటి నుండి లెక్కకు వస్తుందేమో అన్న దిగులు అతడిదే.

ఇక మన చేతిలో ఉన్న కారణాలు చూద్దాం. వాటిలో మొదటిది తేలని కూలి. "నీకు అన్యాయం చేస్తానా, చూసి ఇస్తాను" అనే మాట మన దుకాణాల్లో మామూలు. చూసి ఇచ్చేది దానం అవుతుంది, కూలి కాదు. కూలి ముందే తెలియాలి. చెమట ఆరకముందే పనివానికి కూలి ఇచ్చివేయాలని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) ఆదేశించారు. దేశ చట్టం కూడా 1936 నుండి ఇదే దారిలో ఉంది. వెయ్యి మందికి లోపు పనిచేసే చోట నెల ముగిశాక ఏడవ తేదీ దాటకుండా జీతం చెల్లించాలన్నది ఆ చట్టం పెట్టిన నియమం. "సగం ఇప్పుడు తీసుకో, మిగతాది ఉంచితే నీవు నిలుస్తావు" అనే యజమాని అతణ్ణి నిలుపుతున్నానని అనుకుంటాడు. పనివాడు మాత్రం ఆ సగం ఏనాడు చేతికి వస్తే ఆనాడే వెళ్ళాలని రోజులు లెక్కిస్తుంటాడు.

రెండవది అడ్వాన్సు. పెళ్ళికో, ఆసుపత్రికో, సీజను మొదట్లోనో పెద్ద మొత్తం ఇచ్చి, నెలనెలా కోసుకుంటూ, ఎంత తీరిందో చెప్పకపోవడం చాలా చోట్ల జరుగుతోంది. కొన్నిసార్లు ఒక మేస్త్రీ ఆ అప్పును మరో మేస్త్రీ నుండి తీసుకుని మనిషిని తన ముఠాలోకి మార్చుకుంటాడు. మాటల్లో అది అప్పు బదిలీ. జరిగేది మనిషి బదిలీ. ఇమామ్ బుఖారీ సేకరించిన ఒక హదీసును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. తీర్పుదినాన ముగ్గురికి వ్యతిరేకంగా తానే వాదిగా నిలుస్తానని అల్లాహ్ హెచ్చరించాడు. తన పేరు మీద మాట ఇచ్చి తప్పినవాడు మొదటివాడు. స్వేచ్ఛాజీవి అయిన మనిషిని అమ్మి ఆ సొమ్ము తిన్నవాడు రెండవవాడు. పనివాని చేత పని పూర్తిగా చేయించుకుని కూలి ఇవ్వనివాడు మూడవవాడు. మనిషిని అమ్మినవాడూ, కూలి ఎగ్గొట్టినవాడూ ఒకే వరుసలో నిలబడ్డారు. చిన్న దుకాణం చిన్న లెక్కే కదా అని అనుకునేవారు ఆ వరుసలో తమ పక్కన ఎవరున్నారో చూసుకోవాలి.

మూడవది ఎదుగుదల లేకపోవడం. పదిహేడేళ్ళ కుర్రవాడు షాగిర్ద్‌గా చేరతాడు. నాలుగేళ్ళు స్పానర్లు అందిస్తాడు, చాయ్ తెస్తాడు. ఇంజన్ విప్పేటప్పుడు మాత్రం ఉస్తాద్ అతణ్ణి పక్కకు పంపిస్తాడు. నేర్పితే పోతాడని భయం. నేర్పలేదు కనుకనే అతడు పోతాడు. ఇలా ఒకరి భయం మరొకరి వలసగా మారుతోంది. తరతరాలుగా మన కుటుంబాల్లో ఉన్న మెకానిక్, వెల్డింగ్, దర్జీ పనుల నైపుణ్యం ఈ అపనమ్మకం వల్లనే చేయి జారిపోతోంది. నేర్చుకున్న పిల్లవాడు ఎక్కడికి వెళ్ళినా ఆ విద్యతో అన్నం తింటాడు. ప్రయోజనం కలిగించే విద్య నేర్పినవానికి మరణం తరువాత కూడా పుణ్యం అందుతూ ఉంటుందన్నది ప్రవక్త శుభవార్త. ఆ విద్య పుస్తకంలోనే ఉండాలన్న నియమం లేదు, పానా పట్టే చేతిలోనూ ఉండవచ్చు.

నాలుగవది గౌరవం. మన షెడ్లలో, హోటళ్ళలో పనివాణ్ణి పిలిచే పిలుపులోనే తల్లి పేరుతో తిట్టు కలిసిపోయి ఉంటుంది. హజ్రత్ అబూజర్ (రజియల్లాహు అన్హు) అంతటి మహా సహచరుడు ఒక వ్యక్తిని తల్లి పేరుతో కించపరిస్తే, ఇంకా అతనిలో అజ్ఞానకాలపు లక్షణం మిగిలి ఉందని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మందలించారు. మీ కింద పనిచేసేవారు మీ సోదరులేనని, తాము తినేదే వారికీ తినిపించాలని, శక్తికి మించిన పని పెట్టరాదని, పెడితే తామూ చేయి వేయాలని ఆ సందర్భంలోనే బోధించారు. ఇక ఆయన స్వయంగా ఎలా ఉన్నారో చూడండి. హజ్రత్ అనస్ (రజియల్లాహు అన్హు) పదేళ్ళు ఆయన సేవలో ఉన్నారు. ఆ పదేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన విసుగు మాట వినలేదని అనసే చెప్పారు. హజ్రత్ జైద్ (రజియల్లాహు అన్హు) చిన్ననాడే అపహరణకు గురై ఉకాజ్ సంతలో అమ్ముడుపోయిన బాలుడు. కన్నతండ్రి వెతుక్కుంటూ మక్కాకు వచ్చినప్పుడు, వెళ్ళే నిర్ణయాన్ని ప్రవక్త జైద్‌కే వదిలిపెట్టారు. తలుపు పూర్తిగా తెరిచి ఉంది. జైద్ వెళ్ళలేదు. మనిషిని నిలిపేది ఏమిటో ఈ రెండు జీవితాలు చెబుతున్నాయి.

దుకాణాల్లో పనిచేసే మన అక్కచెల్లెళ్ళ విషయం ప్రత్యేకంగా చెప్పాలి. రాత్రి తొమ్మిదింటికి షట్టర్ దించాక ఆ అమ్మాయి ఊరికి చివరి బస్సు ఉందో లేదో ఎవరూ అడగరు. పగలంతా కూర్చోవడానికి స్టూలు ఉండదు. రెండు నెలల్లో ఆమె మానేస్తే నిలకడ లేదంటారు. ఆమె పని మానలేదు, భయాన్ని మానుకుంది.

రెండు శుక్రవారాలు, ఒక స్టేషన్

పనివాని విలువ ఏమిటో దేశమంతటికీ తెలిసిన రోజులు మన జ్ఞాపకంలో ఇంకా పచ్చిగానే ఉన్నాయి. 2020 మే 1న హైదరాబాద్ శివారులోని లింగంపల్లి నుండి జార్ఖండ్‌లోని హటియాకు దేశంలోనే మొదటి శ్రామిక్ రైలు బయలుదేరింది. సుమారు 1,200 మంది కూలీలు అందులో ఇంటిదారి పట్టారు. సరిగ్గా వారం తిరిగాక, మే 8న, బీహార్‌లోని ఖగడియా నుండి ఒక రైలు అదే లింగంపల్లికి వచ్చింది. అందులో దిగిన రెండు వందలకు పైగా కార్మికులు బియ్యం మిల్లుల పనికి వచ్చినవారు. వారిని బస్సుల్లో మిర్యాలగూడ సహా మిల్లులున్న ఊళ్ళకు పంపించారు. ఆ రెండు రోజులూ శుక్రవారాలే, రమజాన్ నెలలోనివే. మన మసీదుల్లో జుమా సామూహికంగా జరగని రోజులవి.

లక్షలాది మంది వెళ్ళిపోతున్న వేళ ఈ కొద్దిమంది ఎదురు దిశలో ఎందుకు వచ్చారు? వారికి రోగభయం లేక కాదు. యాసంగి ధాన్యం కల్లాల నిండా ఉంది, పని ఉందన్న మాట అందింది, వచ్చే దారి ఏర్పడింది. ధాన్యం ఎంత పండినా, యంత్రం ఎంత పెద్దదైనా, బస్తా ఎత్తే భుజం లేకపోతే మిల్లు కదలదని ఆనాడు అందరికీ తెలిసింది. ఆ భుజాలు ఏ మతానివి, ఏ భాషవి అని ఆనాడు ఎవరూ అడగలేదు. అడగకపోవడమే సరైనది. పనివాని హక్కు అతని విశ్వాసాన్ని బట్టి మారదు. అన్యాయానికి గురైనవాని మొరకూ అల్లాహ్‌కూ మధ్య తెర ఉండదు, అతడు ఎవరైనా సరే.

వంద సంవత్సరాల కిందట అమెరికాలో ఫోర్డ్ మోటారు కంపెనీకీ ఇదే సమస్య వచ్చింది. 1913లో అక్కడ మనుషులు ఎంత వేగంగా మానేశారంటే, వంద పనిస్థానాలకు ఏడాదిలో 370 మంది చొప్పున మారారు. 1914 జనవరిలో ఆ కంపెనీ రోజు కూలిని దాదాపు రెట్టింపు చేసి అయిదు డాలర్లకు పెంచింది, తొమ్మిది గంటల పనిని ఎనిమిదికి తగ్గించింది. వెళ్ళిపోయేవారి సంఖ్య అమాంతం పడిపోయింది. ఆ యజమాని దానికి వ్యాపార లాభమనే పేరు పెట్టాడు. లాభం కోసం ఇతరులు చేసిన పనిని, పరలోక చింత గల మనం కనీసం న్యాయం కోసం చేయలేమా?

వెళ్ళినవాని ఖాతా

ధార్మిక సోదరులారా! గుహలో చిక్కుకున్న ముగ్గురి వృత్తాంతం మీరు ఎన్నోసార్లు విన్నారు. బండరాయి ద్వారాన్ని మూసివేసినప్పుడు, తాము చేసిన సత్కార్యాలను చెప్పుకుని వారు అల్లాహ్‌ను వేడుకున్నారు. ఈ రోజు మూడవవాని సంగతిని పనివాని కోణంలో విందాం.

అతడొక కూలివాణ్ణి పెట్టుకున్నాడు. కూలి కొద్దిపాటి ధాన్యం. ఒక ఉల్లేఖనంలో అది బియ్యం అని, మరొకదానిలో జొన్న వంటి ధాన్యమని ఉంది. ఆ కూలివాడు తన కూలి తీసుకోకుండానే వదిలి వెళ్ళిపోయాడు. మన భాషలో చెప్పాలంటే చెప్పకుండా మానేశాడు. యజమాని ఏమి చేయవచ్చు? "వాడే వదిలేసి పోయాడు, నాకేమి సంబంధం" అనవచ్చు. "మధ్యలో మానేశాడు కనుక కూలి లేదు" అనవచ్చు. అతడు రెండూ అనలేదు. ఆ ధాన్యాన్ని విత్తాడు. పంటను పెంచాడు. దానితో పశువులు వచ్చాయి. ఏళ్ళ తరువాత ఆ కూలివాడు తిరిగివచ్చి తన కూలి అడిగితే, ఆ మంద మొత్తాన్ని చూపి, ఇదంతా నీదే, తోలుకుపో అన్నాడు. తనను ఎగతాళి చేస్తున్నాడని కూలివాడు అనుకున్నాడు. అంత మంచితనాన్ని అతడు ఊహించలేకపోయాడు. ఏమీ మిగల్చకుండా అతడు అన్నీ తోలుకుపోయాడు. ఈ కార్యాన్ని చెప్పి వేడుకున్నప్పుడు బండరాయి తొలగిపోయింది.

నిలిచిన పనివానికి మంచి చేయడం సులభం. వెళ్ళిపోయిన పనివాని లెక్క ఎలా తీర్చామన్నదే యజమాని విశ్వాసానికి పరీక్ష. మన పట్టణాల్లో వెళ్ళిపోయినవాని చివరి నెల జీతం చాలాసార్లు ఆగిపోతుంది. నాలుగుసార్లు తిరుగుతాడు, ఐదోసారి తిరగడు. ఆ డబ్బు దుకాణం గల్లాలో కలిసిపోతుంది. అక్కడ మిగిలిన పనివాళ్ళు ఇదంతా చూస్తూనే ఉంటారు. రేపు తమకూ ఇదే జరుగుతుందని తెలుసుకుంటారు. "నా ఉప్పు తిన్నాడు" అనే యజమాని ఒక్క క్షణం ఆలోచించాలి. ఆ ఉప్పు అతని చెమటకు వెల. అది భిక్ష కాదు.

పనివారికి ఒక మాట

సోదరులారా! న్యాయం త్రాసుకు రెండు పళ్ళేలు ఉంటాయి. మద్‌యన్ పెద్దమనిషి కుమార్తె మూసాను పనికి సిఫారసు చేసినప్పుడు రెండు గుణాలు చెప్పింది. ఒకటి బలం, రెండవది విశ్వసనీయత. నైపుణ్యం ఉండి నమ్మకం లేనివాడు సగం పనివాడే.

వెళ్ళే హక్కు ఉన్నదంటే చెప్పకుండా వెళ్ళే హక్కు ఉన్నదని కాదు. సీజను నడిమధ్యలో, విప్పిన ఇంజన్ నేలపై ఉండగా ఫోన్ ఆపివేసి వెళ్ళిపోవడం ఒప్పందాన్ని తెంచడమే. తీసుకున్న అడ్వాన్సు అప్పు. ఎగ్గొట్టినవాడు తీర్పుదినాన దానిని పుణ్యాలతో చెల్లించవలసి వస్తుంది. యజమాని ఖాతాదారుల నెంబర్లు పట్టుకుపోవడం అమానతులో ద్రోహం.

ఐదు వందలు ఎక్కువ ఇస్తామన్నారని ప్రతి ఆరు నెలలకూ మారేవాడు పోగొట్టుకునేది కూడా లెక్క వేసుకోవాలి. పదిమంది, అంతకు మించి పనిచేసే సంస్థల్లో సాధారణంగా ఐదేళ్ళు నిరంతరం పనిచేసినవానికి గ్రాట్యుటీ హక్కు వస్తుంది. ఏడాదికి పదిహేను రోజుల జీతం చొప్పున, నెలను 26 రోజులుగా లెక్కిస్తారు. నెలకు 13,000 రూపాయలు వచ్చేవానికి రోజుకు 500, ఏడాదికి 7,500, ఐదేళ్ళకు 37,500 రూపాయలు. నాలుగో ఏట నెలకు ఐదు వందల కోసం మారేవాడు ముందు ఈ మొత్తాన్ని చూసుకోవాలి. భవిష్యనిధి పింఛనుకు పదేళ్ళ సర్వీసు కావాలి. పని మారిన ప్రతిసారీ ఆ డబ్బు తీసి ఖర్చు చేసేవానికి ఆ పదేళ్ళు ఎన్నటికీ పూర్తికావు. మారక తప్పకపోతే పాత నెంబరుతోనే ఖాతాను బదిలీ చేయించుకోవాలి.

అన్నింటికంటే పెద్ద నష్టం చేతి పనిది. ఏ చెట్టునైనా ఏడాదికోసారి పీకి నాటితే వేరు దిగదు. అవమానం ఉన్నచోట, కూలి అందనిచోట ఉండమని ఎవరూ చెప్పరు. న్యాయం ఉన్నచోట మాత్రం కొంత ఓపిక పట్టాలి. ఉపాధి నిర్ణయించేవాడు అల్లాహ్, పక్క దుకాణం కాదు.

ఈ వారం నుండి

మాటలు విని లేచిపోతే ప్రయోజనం లేదు. చేయగలిగిన పనులు కొన్ని చెప్పుకుందాం.

అప్పును వ్రాసిపెట్టుకోమని, సాక్షులను ఉంచుకోమని దివ్య ఖుర్ఆన్ బఖరా సూరాలోని సుదీర్ఘమైన వాక్యంలో ఆదేశించింది. ప్రతి యజమానీ ఈ రోజే ఒక చిన్న నోటుపుస్తకం కొనాలి. కూలి ఎంత, ఏ తారీఖున, వారపు సెలవు ఏనాడు, జుమాకు, నమాజులకు వేళ ఎంత, ఎన్నాళ్ళకు ఎంత పెంపు అన్నవి అందులో వ్రాయాలి. అడ్వాన్సు వేరే పుటలో వ్రాసి, కోసుకున్న ప్రతిసారీ మిగిలినది పనివానికి చూపాలి. చదువు రానివానికి చదివి వినిపించాలి. అతని దగ్గర కూడా ఒక ప్రతి ఉండాలి.

షాగిర్ద్‌ను చేర్చుకునేటప్పుడు, ఏ ఏటికి ఏ పని నేర్పుతారో అతని తండ్రి ఎదుట చెప్పాలి. నేర్చిన తరువాత ఎన్నాళ్ళు ఉంటాడో ఆ పిల్లవాడు మాట ఇవ్వాలి. ఇద్దరికీ భయం పోతుంది.

వెళ్ళదలచిన పనివాడు నెల ముందు చెప్పాలి. వెళ్ళే రోజున లెక్క ముగించి, చేతిలో డబ్బు పెట్టి, సలాం చెప్పి పంపించాలి. అలా పంపినవాని దగ్గరికే పోయినవాడు తిరిగివస్తాడు, తమ్ముణ్ణి కూడా తీసుకువస్తాడు.

వివాదం వస్తే పోలీసు మెట్లు, కోర్టు మెట్లు ఎక్కకముందు మసీదు కమిటీలోని ఇద్దరు పెద్దల ఎదుట కూర్చోవచ్చు. ఆ ఇద్దరిలో ఒకరు యజమాని అయితే మరొకరు తప్పక కష్టజీవి కావాలి. లేకపోతే అది పంచాయితీ కాదు. అక్కడ న్యాయం అందకపోతే కార్మిక శాఖ అధికారి దగ్గరికి వెళ్ళడం పనివాని హక్కు. దానిని ఎవరూ ద్రోహంగా చూడరాదు.

ఈ జుమా తరువాత, మధ్యలో వెళ్ళిపోయిన పనివానికి బాకీ ఉన్న యజమాని అతని ఫోన్ నెంబరు వెతకాలి. అడ్వాన్సుతో వెళ్ళిపోయిన పనివాడు తన పాత దుకాణం మెట్లు ఎక్కాలి. ఒకేసారి తీర్చలేకపోతే గడువు అడగాలి. ఇబ్బందిలో ఉన్నవానికి గడువు ఇవ్వడం కూడా అల్లాహ్ నేర్పిన మర్యాదే. రేపు బాకీలు తీర్చుకునే చోట రూపాయలు చెల్లవు.

ఓ అల్లాహ్! మా సంపాదనను ధర్మసమ్మతం చేయి. కూలివాని చెమట మా గల్లాలో అన్యాయంగా మిగలకుండా కాపాడు. మా పనివారికి నైపుణ్యాన్ని, విశ్వసనీయతను ప్రసాదించు. మా యజమానులకు న్యాయాన్ని, విశాల హృదయాన్ని ప్రసాదించు. దూరదేశాల్లో కష్టపడుతున్న మా వారిని, మా ఊళ్ళకు వచ్చి కష్టపడుతున్న దూరప్రాంతాల వారిని క్షేమంగా ఇళ్ళకు చేర్చు. ఒకే వరుసలో నిలిచే మా భుజాల మధ్య, మా హృదయాల మధ్య ఎడం లేకుండా చేయి. ఆమీన్.